ఒక్క ఎర్ర చార

అడిలైడ్
3 జనవరి 1990

అక్కా,

పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించేసి, కూర్చుని చదువు. నిలబడి చదివే ఉత్తరం కాదిది.

వచ్చే జూన్ ఆఖర్లో టాలిన్‌లో జరిగే నాట్యోత్సవానికి మమ్మల్ని కూడా పిలిచారు. మమ్మల్ని అంటే నలభై ఏళ్లుగా పరాయి దేశాల్లో పడి ఆడుకుంటున్న మన బృందాలన్నిటినీ. స్వీడన్ వాళ్లు వస్తున్నారు, కెనడా వాళ్లు వస్తున్నారు, ఆస్ట్రేలియా నుంచి మేం ఎనిమిదిమందిమి. మొన్న కొత్త సంవత్సరానికి ఇక్కడి ఎస్టోనియా వాళ్లందరం ఉత్సవం చేసుకున్నాం కదా, ఈ ఏడు మా అడిలైడ్ వంతు, ఆ వేదిక మీదే చదివి వినిపించారు.  వినగానే హాల్లో ఒక ముసలాయన కుర్చీ ఎక్కి నిలబడ్డాడు, ఎందుకో ఆయనకే తెలీదు.

ఎండ సంగతి చెప్తే నవ్వుతావు. ఆ రోజు నలభై ఒకటి. ఉన్ని పరికిణీలు, ఉన్ని మేజోళ్లు, మెడదాకా గుండీలు. మంచులో ఆడాల్సిన ఆట పెనం మీద ఆడుతున్నాం. మూడో పాటలో మా ఆయన హారల్డ్ అకార్డియన్‌తో సహా కూలబడ్డాడు. ఆ సంగతి తర్వాత రాస్తాను, అసలు సంగతి విను.

అసలు సంగతి, నాకు జంటగా నువ్వు కావాలి. మీ దీవి ఆడవాళ్లూ మేమూ ఒకే ఆటలో ఉన్నామట, అరికాలు నేలకి ఆనించి తిరిగే ఆ పాత వాల్ట్స్‌లో. సరిహద్దు దీవి అని సోవియట్ వాళ్లు అక్కడికి రావడానికి మాకు ఇంకా అనుమతి ఇవ్వడం లేదు కానీ టాలిన్‌కి నువ్వు రాగలవు కదా. మనం చివరిసారి కలిసి ఆడింది నలభైనాలుగులో, నడివేసవి యానిపండగ మంటల దగ్గర. నాకప్పుడు పద్దెనిమిది, నీకు ఇరవై ఒకటి. మగాళ్లందరూ సముద్రం మీదో యుద్ధంలోనో ఉన్నారు, ఎప్పటిలాగే నువ్వే మగవేషం వేసి నన్ను గిరగిరా తిప్పావు. ఈసారి మాత్రం తిప్పేది నేను. ఇప్పుడే చెప్పేస్తున్నాను, అక్కడికొచ్చాక గొడవ పడొద్దు.

మా బృందం ఫొటో పంపుతున్నాను. మా అమ్మాయి మారికె కొత్త కెమెరాతో తీసింది, రంగుల్లో.

కాళ్లు నేల మీద నిలవని నీ చెల్లెలు,
రైసా

*

కిహ్ను దీవి
2 ఫిబ్రవరి 1990

నా తల్లీ, నా రైసా,

మంచు గట్టిపడింది, ఉత్తరాలు చిన్న విమానంలో వస్తున్నాయి. పోస్టాఫీసులోనే చింపి చదివాను. నాట్యోత్సవం మాట దగ్గర ఎంత కేక పెట్టానంటే పోస్టుమాస్టరమ్మ ముద్ర నా చెయ్యి మీద గుద్దింది. ఆ తర్వాత ఫొటో చూశాను. చూసి అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను.

ఎందుకే, ఒక్క ముక్క రాయలేకపోయావా? హారల్డ్ కూలబడ్డాడని రాశావు, లేచాడని రాయలేకపోయావు. తర్వాత రాస్తానన్నావు. ఏం తర్వాత? ఫొటోలో వాయించేవాడి కుర్చీ ఖాళీగా ఉంది. నువ్వేమో మెడ నిటారుగా పెట్టుకుని నల్ల పరికిణీలో నిలబడ్డావు. నీ వయసుకి ముదురు రంగు సరే అనుకుందాం, నీ చుట్టూ ఉన్న పద్దెనిమిదేళ్ల పిల్లలకి కూడా ఒక్క ఎర్ర చార లేదే. ఆ పిల్లలందరూ నీ మొగుడి కోసం నల్లవి కట్టారంటే ఎంత మంచివాడై ఉండాలి మా మరిది. నేను ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

ఆదివారం చర్చిలో ఆయన పేరు చదివించాను. లూథరన్‌ని మన ఆర్థడాక్స్ చర్చిలో చదవొచ్చా అని ఫాదర్ కాస్త నసిగారు, నేను చూసిన చూపుకి చదివేశారు. పక్కింటి వేరా, పై వీధి వాళ్లు బార్లీ రొట్టెలు పట్టుకొచ్చారు. అందరం కూర్చుని నీ కోసం ఏడ్చాం.

కోప్పడుతున్నాననుకోకు, ఒక్క మాట. మనిషి పోతే మొదట నల్లది. ఏడాది గడిచాక ఒక్క ఎర్ర చార, ఆపైన ఇంకోటి, మూడో ఏటికి ఎరుపు తిరిగొస్తుంది. నల్లది కట్టిన మనిషి ఆటలోకి దిగదు. మీ బావ మిహ్కెల్ పోయినప్పుడు నేను మూడేళ్లు గోడకి ఆనుకుని చూశానే కానీ కాలు కదపలేదు. ఇవన్నీ నీకు నేను చెప్పాలా? జూన్‌కి నీకు ఆరు నెలలే అవుతుంది.

అయినా రా. ఆడకపోయినా రా. పక్కన కూర్చుందాం.

అక్క,
అకిలీనా

*

అడిలైడ్
25 ఫిబ్రవరి 1990

అక్కా,

నీ ఉత్తరం హారల్డ్‌కి చదివి వినిపించాను. ఆ సమయానికి ఆయన మూడో గిన్నె బంగాళదుంప సలాడ్ తింటున్నాడు. చెంచా పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు. చర్చిలో ఏమేం చదివారో పూర్తిగా రాసి పంపమంటున్నాడు, బతికుండగా ఆయన గురించి ఎవరూ అంత మంచి మాట అనలేదట. ఇదుగో కలం లాక్కుంటున్నాడు:

"వదినగారికి నమస్కారాలు. నేను కులాసా. ఎండదెబ్బకి పడ్డాను, నీళ్లు చల్లితే లేచాను, ఏ చరణంలో ఆపానో అక్కడ్నుంచే వాయించాను. ఆ రొట్టెలు మిగిలితే దాచి ఉంచండి. మీ మరిది, హారల్డ్."

చూశావా, మా ఇంట్లో అందరూ బతికే ఉన్నారు. పరికిణీల సంగతంటావా, అవి ఎప్పుడో యాభైల్లో నేయించినవి. అప్పుడు ఇక్కడ ఏ రంగు దొరికితే అది వాడాం. ఈ ఎండలకి రంగులు మారిపోతాయి కూడా. మాకు అలవాటైపోయింది. ఇక్కడి జనం అందంగా ఉన్నాయంటారు, పేపర్లో కూడా రాశారు.

దాని సంగతి వదిలేసి ఇది విను. టాలిన్ నుంచి ఆట కాగితాలు వచ్చాయి. ఒక పేజీలో బాణం గుర్తులు చూసి నవ్వు ఆగలేదు. మీరు రెండో తిరుగుడు కుడి నుంచి మొదలెడుతున్నారేమిటి? మనం ఎడమ నుంచి కదా తిరిగేవాళ్లం. నలభై ఏళ్లుగా ఇక్కడ పిల్లలకి అలాగే నేర్పాను. మీరెక్కడో దారి తప్పారు. అయినా పోనీలే, వేలమంది ఒకవైపు తిరుగుతుంటే ఎనిమిదిమందిమి ఇంకోవైపు తిరిగి గుద్దుకోలేం కదా, మార్చుకుంటున్నాం. వారానికి రెండు రోజులు సాధన. మారికె ఇంకా ఎడమకే తిరుగుతోంది. నేల ఎత్తుపల్లాలుగా ఉందంటుంది, ఆడలేక మద్దెల ఓడు.

నాలుగు నెలలే ఉంది. నాకు నిద్ర పట్టడం లేదు.

రైసా

*

కిహ్ను దీవి
20 మార్చి 1990

రైసా,

మరిదిని చచ్చిపోయినవాళ్ల పట్టీలోంచి తీయించాను. ముప్పయ్యేళ్లలో ఫాదర్‌కి ఇలాంటి పని పడలేదట, పెన్సిల్‌తో కొట్టేయాలా, సిరాతో కొట్టేయాలా అని అరగంట ఆలోచించారు. వేరా అయితే నా రొట్టె నాకు తిరిగిచ్చెయ్యమని గుమ్మంలో నిలబడింది. తినేశాను అన్నాను. బతికున్నవాడికి ఏడ్చినందుకు కూలి అనుకోమంది.

ఆయన బతికున్నందుకు మా అందరికీ సంతోషం. ఇక నువ్వు చెప్పిన రంగు కథ. ఎండకి ఎరుపు వెలిసి గులాబీ అవుతుంది, పసుపు అవుతుంది, నల్లగా మారడం ఎక్కడా చూడలేదు. యాభై ఏళ్లుగా మగ్గం మీద కూర్చుంటున్నదానికి చెప్తున్నావు ఇది. ఫొటోలో నల్ల చార, నీలం చార, నల్ల చార, వరస తప్పకుండా ఉంది. చేతికి దొరికిన రంగులతో అంత పద్ధతిగా ఎవరూ నేయరు. అది మనమ్మ నేర్పిన మొదటి ఏడాది చార. ఇన్నేళ్లూ నువ్వు పంపినవన్నీ నలుపు తెలుపు ఫొటోలు. వాటిల్లో ఎరుపూ నల్లగానే ఉంటుంది, అందుకే నేను కనిపెట్టలేకపోయాను. ఇప్పుడు ఇంకో సంగతి తట్టింది, నువ్వు ఇన్నేళ్లూ దీంట్లోనే ఉన్నావా?

ఎవరి కోసం? నేనే లెక్క వేసుకుంటున్నాను. అమ్మ పోయింది అరవై ఒకటిలో, నీకు నేనే రాశాను, దానికి ముందే నేయించానంటున్నావు కాబట్టి అమ్మ కాదు. నాన్న పోయినప్పుడు మనం చిన్నపిల్లలం. మరి ఎవరే?

సరే, చెప్పేదాకా ఉండు, పనులు ఆగవు. ఇక్కడ సందడి చూస్తే నీకు కన్ను కుట్టేది. ప్యార్ను పట్నంలో మాకు ఉత్సవం పరీక్ష అయింది. పద్దెనిమిదిమంది ఆడవాళ్లం, ఐదు మోటార్ సైకిళ్ల మీద, పక్కబండ్లలో ఇద్దరూ ముగ్గురూ కుక్కుకుని, మంచు మీద నుంచి అవతలి ఒడ్డుకి వెళ్లాం. పరీక్ష చేసేవాడు కుర్రాడు. "అమ్మలూ, కాస్త నెమ్మదిగా ఆడండి, వేగం ఎక్కువైంది" అన్నాడు. మొదటిసారి ఈ వయసులో ఆ మాట విన్నాం. పాసయ్యాం. ఊళ్లో ఇప్పుడు, ఇన్నేళ్లూ నిషేధించిన మన మూడు రంగుల జెండా ఎవరూ దాచడం లేదు, వేరా మోటార్ సైకిల్‌కి కట్టుకుని పాలకి వెళ్తోంది.

మీ ఎనిమిదిమందికీ ఎర్ర పరికిణీలు మేం నేస్తున్నాం. ఐదు మగ్గాలెక్కాయి. నడుము కొలతలు పంపు. ఎవరికి పెళ్లయిందో ఎవరికి కాలేదో కూడా రాయి, పెళ్లయినవాళ్లకే ఏప్రన్ నేస్తాం. మీ పిల్లలు నల్లవాటితో మైదానంలోకి దిగితే ఆస్ట్రేలియా మొత్తం మునిగిపోయిందనుకుంటారు మన దీవి వాళ్లు.

నీకు మాత్రం ఒక్క మాట. ఎవరి కోసమో చెప్పకుండా నల్లదాంతో వస్తే నీ చెయ్యి పట్టుకోను. పట్టుకోలేనే. దుఃఖంలో ఉన్న మనిషిని ఆటలోకి లాగిన పాపం నాకొద్దు.

అకిలీనా

*

అడిలైడ్
12 ఏప్రిల్ 1990

అక్కా,

కొలతలు వేరే కాగితం మీద ఉన్నాయి. ఏడుగురివి. ఎనిమిదోది లేదు.

నీ ఉత్తరం బృందం ముందు చదవాల్సి వచ్చింది, ఎర్ర పరికిణీల సంగతి చెప్పాలి కదా. ఇన్నేళ్లూ మమ్మల్ని చావు బట్టల్లో ఆడించావా అని ఒక పిల్ల నా మొహం మీదే అడిగింది. తలకాయ తీసేసినట్టయింది. ముప్పై ఆరేళ్లు, అక్కా. అదే పరికిణీతో మెల్బోర్న్‌లో ఆడాం, సిడ్నీలో ఆడాం, వానలో, దుమ్ములో, ఒకసారి గొర్రెల సంతలో ఆడాం. అదే ఉండబట్టి మేం ఎవరమో గుర్తుంచుకున్నాం. నువ్వు ఒక్క ఫొటో చూసి తప్పు పట్టేశావు.

పిల్లలకి ఎర్రవి నెయ్యండి, సంతోషంగా కట్టుకుంటారు. నాకొద్దు. నాది నాకుంది. నేను మెట్ల మీద కూర్చుని చూస్తాను. నాకు ఆ మాత్రం చాలు. ఎవరి కోసమని ఇంక అడగొద్దు.

మారికె విషయం ఎలా రాయాలో తెలీదు. ముప్పయ్యేళ్లు, పెళ్లి కాలేదు, ఒక వడ్రంగితో నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటోంది. ఏప్రన్ ఉండాలో వద్దో మీ మగ్గం వాళ్లే తేల్చండి.

రైసా

*

కిహ్ను దీవి
6 మే 1990

రైసా,

మారికె సంగతి మీద ఐదు మగ్గాలూ ఒక రోజంతా ఆగిపోయాయి. వేరా ఉండాలంది, వేరా కోడలు ఉండకూడదంది. చివరికి ఏప్రన్ నేసి సంచిలో పెట్టాం, కట్టుకోవాలో వద్దో ఆ వడ్రంగిని అడిగి తేల్చుకోమను.

మిగతాది నాకు రాయడం రావడం లేదు. నీకేదో బిడ్డ పుట్టి పోయిందేమో, మాకు చెప్పుకోలేకపోయావేమో అనిపించింది. ఆ రోజుల్లో ఉత్తరాలు చింపి చదివేవాళ్లు కదా, అలాంటివి పరాయివాళ్ల కంటపడేలా ఎలా రాస్తారు. అదే అయితే క్షమించు. నేను నిన్ను తప్పు పట్టలేదే, ఎవరి కోసమో తెలిస్తే నేనూ నీతో పాటు మోస్తానని అడిగాను. నా నోరు నీకు తెలీనిదా, ప్రేమగా అన్నా తిట్టినట్టే వస్తుంది.

జంటల పట్టీ మే ఒకటికల్లా పంపాలన్నారు. పంపేశాను. ఎనిమిదో వరస, పన్నెండో జంట, అకిలీనా, రైసా. నువ్వు మెట్ల మీద కూర్చుంటే కూర్చో. నేనింకెవర్నీ తీసుకోను. అన్ని వేలమంది మధ్య నా పక్కన ఖాళీ ఉంటుంది, పైనుంచి చూసేవాళ్లకి పడుగులో ఒక పోగు తెగినట్టు కనిపిస్తుంది. కనిపించనీ.

అకిలీనా

*

అడిలైడ్
28 మే 1990

అక్కా,

నీ ఉత్తరం హారల్డ్ చదివాడు. చదివి, "చెప్పెయ్. ఆవిడ నీకు బిడ్డ పోయిందని ఏడుస్తోంది అక్కడ" అన్నాడు. ఇప్పుడు నా ఎదురుగా కూర్చున్నాడు, నేను లేచిపోకుండా.

నాకే బిడ్డా పోలేదు.

నలభైనాలుగు సెప్టెంబర్‌లో నేను ప్యార్నులో చేపలు ఉప్పువేసే షెడ్డులో పని చేస్తున్నాను కదా. పడవేసుకుని వస్తాను, కదలొద్దు అని నువ్వు కబురు పెట్టావు. రేవు గట్టు మీద రెండు రోజులు కూర్చున్నాను. రష్యా సైన్యం వచ్చేస్తోంది, చివరి ఓడ వెళ్లిపోతోందన్నారు, తోసేశారు, ఎక్కేశాను. మరుసటి వసంతంలో జర్మనీలో శరణార్థుల శిబిరానికి మన దీవి మనిషొకాయన వచ్చాడు, ఫ్యోదర్ మామ, చుట్టాల మాటో ఊరి మాటో ఒక్కటి చెప్తే చాలని అందరం చుట్టుముట్టాం. ఆయన నన్ను పక్కకి పిలిచాడు. మన పచ్చ అంచు పడవ నీళ్లలో బోర్లాపడి తేలుతుంటే కళ్లారా చూశానన్నాడు. లోపల ఎవరూ లేరన్నాడు. నా కోసం బయల్దేరి మునిగిపోయావు నువ్వు.

శిబిరంలో ఒక వడ్రంగి మంచం చెక్కలతో మగ్గం కట్టిచ్చాడు. సైనికుల కంబళి పోగులు లాగాను. నలుపుకి అక్రోటు తొక్కలు ఉడకబెట్టాను, నీలానికి ఆఫీసు గదిలోంచి సిరా దొంగిలించాను. అమ్మ నేర్పిన వరస, ఒక్క చార తప్పకుండా. అది నీ కోసమే అక్కా. నీ కోసం కట్టుకున్నాను.

ఏడాది గడిచాక ఒక ఎర్ర చార వెయ్యాలి. మన ఇంట్లో అది పెద్దవాళ్లు వేసేది కదా, ఇంక చాలమ్మా అని. అమ్మ ఎక్కడుందో తెలీదు. అమ్మ తర్వాత నువ్వు. నువ్వే పోయావు. నాకు చాలు అనే మనిషి లేదు. అలాగే ఓడెక్కి ఇక్కడికొచ్చాను. యాభైనాలుగులో బృందం పెట్టినప్పుడు దీవి పరికిణీ చూపించమన్నారు. నా దగ్గర ఉన్నది అదొక్కటే. దాన్ని చూసే అందరికీ నేశారు. నల్లదాంతో ఆడకూడదని నాకు తెలుసు. కానీ నీకు ఆట కన్నా ఇష్టమైంది లేదు, నీ బదులు నేనే ఆడుతున్నాననుకున్నాను.

తర్వాత యాభైఆరులో నీ మొదటి ఉత్తరం వచ్చింది. మూడే వాక్యాలు. "బతికే ఉన్నాను. ఆవు ఈనింది. ఉప్పు దొరకడం లేదు." అది పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను, కాళ్లకి చెప్పులు లేవు. ఆ రోజే నల్లది విప్పేయాల్సింది. విప్పితే ఆ ఉత్తరం అబద్ధమైపోతుందేమోనని భయమేసింది. ఇంకో ఉత్తరం రానీ అనుకున్నాను. తర్వాత ఇంకోటి. బతికున్న అక్కకి, నీ కోసం పదకొండేళ్లు ఏడ్చానే అని ఎలా రాయను? రాస్తే నీకు అపశకునమనిపించింది. అలా నోరు కుట్టేసుకుని ఇన్నేళ్లు గడిపేశాను.

ఇంతే. ఇప్పుడు నువ్వు చెయ్యి పట్టుకున్నా సరే, పట్టుకోకపోయినా సరే. జూన్ ఇరవైఆరున బయల్దేరుతున్నాం.

రైసా

*

టాలిన్, మీకు బస ఇచ్చిన బడి, రెండో అంతస్తు, మూడో తరగతి గది
27 జూన్ 1990

రైసా,

దీన్ని మీ గది కాపలా అమ్మాయికి ఇచ్చి వెళ్తున్నాను. మీ విమానం రేపు పొద్దునకి కానీ దిగదట, మమ్మల్ని ఇప్పుడే మైదానానికి తోలుతున్నారు. మేం ఊరికి అవతలి కొసన ఇంకో బళ్లో నేల మీద పడుకుంటున్నాం, నల్లబల్ల కింద వరసగా పద్దెనిమిదిమందిమి. వేరా గురకకి సుద్దముక్కలు కింద పడుతున్నాయి.

నీ ఉత్తరం మోటార్ సైకిల్ ఆపి రోడ్డు మీదే చదివాను. చదివి ఎంత నవ్వానంటే ఆవులు తలెత్తి చూశాయి. తర్వాత ఎంత ఏడ్చానో అది అవే చూశాయి. ఎవరికీ చెప్పలేదు, అంటే వేరాకి ఒక్కదానికే చెప్పాను, సాయంత్రానికి దీవంతా తెలిసింది.

పిచ్చిదానా, ఆ పడవలో నేనెందుకుంటాను? గాలి ఎక్కువైందని మధ్యలో మనియా దీవిలో దిగి, పడవ కట్టేసి ఒక గుడిసెలో దూరాను. ముడి ఊడిపోయింది. నేను కట్టిన ముడి, ఎవరికీ చెప్పకు. మూడు రోజులు ఆ రాళ్ల మీద ఎండుచేప నములుతూ కూర్చున్నాను, నువ్వు నా కోసం చూస్తుంటావని తెలిసి. ఇన్నేళ్లూ నేను దిగులుపడింది దానికే, నువ్వు గట్టు మీద కూర్చుని నన్ను తిట్టుకుని ఉంటావని. నువ్వేమో మగ్గం కట్టించుకున్నావు.

ఈ సంచిలో ఎర్రది ఉంది. కొలత నువ్వు పంపలేదు, నా నడుమే కొలుచుకుని నేశాను, ఇద్దరిదీ ఒకే అచ్చు. బిగుతైతే తప్పు ఆస్ట్రేలియా తిండిది. కింది అంచు పక్కన ఒక చార మిగతా వాటికన్నా కొంచెం వెడల్పుగా ఉంటుంది చూడు. అది నేను వేరేగా వేశాను. పెద్దవాళ్లు వేసేది.

చాలమ్మా. ఇంక చాలు.

ఎల్లుండి పొద్దున ఆరింటికి మైదానం ఉత్తరం గేటు. ఎర్రదాంట్లో రా. నిన్ను గుర్తుపట్టలేనేమోనని భయంగా ఉంది.

అక్క

*

అడిలైడ్
22 జులై 1990

అక్కా,

ఇంటికొచ్చి పది రోజులైంది, ఇంకా చెవుల్లో మైకు గోలే వినిపిస్తోంది.

నువ్వు నన్ను గుర్తుపట్టలేవేమో అన్నావు. నేనైతే గేటు దగ్గర వేలమంది ఎర్ర చారల్లో ఎటు చూడాలో తెలీక నిలబడ్డాను. "ఏయ్, భుజాలు దించు" అని వెనకనుంచి తిట్టు వినపడింది. నలభై ఆరేళ్ల తర్వాత నువ్వు నాతో అన్న మొదటి మాట అది. తిరిగేసరికి నీ మెడ మీద పడ్డాను. నీ దగ్గర ఎండుచేప వాసన, పెట్రోలు వాసన.

రిహార్సల్ సంగతి ఇక్కడ అందరికీ వందసార్లు చెప్పాను. పాట మొదలైంది, ఇద్దరం మగవేషం అడుగే వేశాం, ఇద్దరం ఎడమ కాలే ముందుకి, ముక్కూ ముక్కూ గుద్దుకున్నాం. రెండోసారీ అంతే. అప్పుడు పైన బురుజు మీద నుంచి ఆటలు నడిపించేవాడి గొంతు మైదానమంతా మోగింది. "ఎనిమిదో వరస, పన్నెండో జంట, అవ్వలూ, మీ ఇద్దరిలో మగవాడెవరో తేల్చుకోండి, అందరం ఆగుతాం." అన్ని వేలమందీ ఆగారు. అన్ని వేలమందీ నవ్వారు. నువ్వు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డావు. తర్వాత నా కుడిచెయ్యి తీసి నీ వీపు మీద నువ్వే పెట్టుకున్నావు. "ఒక్కసారికే" అన్నావు.

అసలు రోజు ఏం ఆడానో నాకేం గుర్తులేదు. నువ్వు తేలిగ్గా తిరిగావని గుర్తుంది. రెండో తిరుగుడుకి నేను అలవాటుగా ఎడమకే తిరిగాను, నువ్వూ నాతో ఎడమకే వచ్చేశావు. మెట్ల మీద నుంచి హారల్డ్ చూశాడట, ఎనిమిదో వరసలో ఒక్క జంట తప్ప పడుగంతా సరిగ్గా ఉందన్నాడు. ఆయనకి వేరా ఇచ్చిన రొట్టె దారంతా తిన్నాడు. మారికె ఏప్రన్ కట్టుకునే ఇక్కడ విమానం దిగింది, వడ్రంగి చూసి మొహం ఎర్రబెట్టుకున్నాడు కానీ కాదనలేదు.

ఒక సంగతి. నల్లది నా పెట్టెలో లేదు. ఆ బడి గదిలో మంచం కింద వదిలేసినట్టున్నాను. నీ కంటపడిందా? పడితే పొయ్యిలో పడెయ్. నాకు ఇంక దాంతో పని లేదు.

నీ మగవాడు,
రైసా

*

కిహ్ను దీవి
19 ఆగస్టు 1990

రైసా,

నువ్వు వదిలెయ్యలేదు. నేనే తీశాను. నువ్వు మొహం కడుక్కుంటుంటే నీ పెట్టెలోంచి తీసి నా సంచిలో కుక్కుకున్నాను.

పొయ్యిలో పడెయ్యను. ఇంటికొచ్చాక కట్టుకుని చూశాను. సరిగ్గా సరిపోయింది, నీ నడుము కూడా నాదే అని చెప్పానా. వేరా వచ్చి చూసి దండం పెట్టింది. కంబళి పోగులైనా నేత దిట్టంగా ఉంది, ఒక్క చోట మాత్రం పేక వదులైంది, అక్కడ నువ్వు ఏడుస్తూ నేసి ఉంటావు. ఆ సిరా నీలం ఇన్నేళ్లకీ వెలవలేదు. మన నీలి అద్దకం కన్నా నయం, మనం కూడా ఆఫీసుల్లో దొంగతనాలు మొదలుపెట్టాలంది వేరా.

ఉతికి, ఎండబెట్టి, పెట్టెలో అడుగున, నేను పోయాక నాకు కట్టాల్సిన తెల్లబట్టల కింద పెట్టాను. ఎందుకో చెప్తాను విను. నాకు అరవై ఏడు. నీకన్నా ముందు పోతాను, పెద్దదాన్ని కదా, ఆ వంతు మాత్రం నీకివ్వను. ఆ కబురు నీకు ఏ ఉత్తరంలోనో వస్తుంది. వచ్చినప్పుడు మగ్గం ఎక్కకు. అక్రోటు తొక్కలు ఉడకబెట్టకు. నా కోసం ఏడవాల్సింది నువ్వు ఎప్పుడో ఏడ్చేశావు, మూడేళ్ల బదులు పదకొండేళ్లు, ఎనిమిదేళ్లు ఎక్కువే. అది నా పెట్టెలో భద్రంగా ఉంది, నాతో పాటు పంపిస్తారు. వేరా కోడలికి చెప్పి ఉంచాను.

ఆ రోజు నువ్వు ఎర్రదే కట్టుకో. నేను వేసిన చార ఉన్నది. కట్టుకుని పిల్లలందర్నీ పిలిచి, ఆ వాల్ట్స్ ఒకటి ఆడు. ఎడమకే తిరుగు. ఎవరైనా ముక్కు మీద వేలేసుకుంటే, మా అక్క ఇచ్చిన సెలవు అని చెప్పు.

అది ఇప్పుడప్పుడే కాదులే. వచ్చే ఏడు నీకు దీవికి రావడానికి అనుమతి ఇస్తారంటున్నారు. మోటార్ సైకిల్‌కి కొత్త చక్రాలు వేయించాను. పక్కబండిలో కూర్చునేది నువ్వే, నడిపేది నేనే, దీని మీద ఇంక మాటల్లేవు.

బతికే ఉన్నాను. ఆవు ఈనింది.

అక్క,
అకిలీనా